దేవుడు తెరవని ట్రేడింగ్ ఖాతా

సహోదరులారా, మధ్యాహ్నం మూడున్నర అయిందంటే చాలు, నాకు గుండెల్లో దడ మొదలయ్యే రోజులుండేవి. ఆ వేళకు షేర్ మార్కెట్ మూసేస్తారు. రేపల్లెలో బడిపిల్లలకు ఎక్కాలు చెబుతూనే, తెనాలిలో మా ఆయన ఏం పోగొట్టుకున్నారోనని వణికేదాన్ని.

ఆయన బియ్యం మిల్లులో గుమాస్తా. స్నేహితుడెవరో చెప్పగా షేర్లలోకి దిగి, ఉద్యోగం మానేసి, రోజూ పొద్దున్నే రైలెక్కి తెనాలిలోని బ్రోకరు ఆఫీసుకు పోయేవారు. ఆ వ్యాపారం ఎలాంటిదో నాకు తర్వాత తెలిసింది. మన దగ్గర పదివేలుంటే నలభై వేలకు కొననిస్తారు, కానీ మార్కెట్ మూసేలోపు అమ్మెయ్యాలి, లేకపోతే ఆఫీసువాళ్లే వచ్చిన ధరకు అమ్మేసి నష్టం మన నెత్తిన వేస్తారు! లాభం వచ్చిన రోజు జిలేబీ పొట్లంతో వచ్చి "దేవుడిచ్చాడే" అనేవారు. నష్టం ఎవరిచ్చారో మాత్రం చెప్పేవారు కాదు. నా గాజులు పోయాయి, పిల్ల చదువుకని దాచింది పోయింది, చివరికి ఆఫీసుకు బాకీపడ్డ లోటు కట్టలేదని ఆఫీసువాళ్లు ఆయన ఖాతా ఆపేశారు.

సంతోషించాల్సింది పోయి నేను ఏడ్చాను. ఎందుకంటే ఆయన తిండి మానేసి, గోడవైపు తిరిగి పడుకుని, "నేనుండి ఏం లాభం" అనేవారు. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బా తీసుకెళ్లి పక్కింట్లో దాచాను. "ప్రభువా, ఆ ఖాతా తెరిపించు, ఈ మనిషి లేచి తిరిగితే చాలు" అని ఉపవాసముండి ప్రార్థించాను. అదీ నా ప్రార్థన, నవ్వకండి!

బ్రతిమాలుకుందామని తెనాలి వెళ్లాను. ఆఫీసు పెద్దాయన మర్యాదగానే చెప్పాడు. "అమ్మా, పాత లోటు కట్టేదాకా ఉన్న షేర్లు అమ్ముకోవచ్చు గానీ కొత్తగా కొనడానికి లేదండి. అయినా ఖాతా ఆపిన రోజే, మీ పేరు మీద వేరేది తెరుస్తామన్నారుగా మీ సారు! ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు తెస్తామన్నారు, మీకు తెలీదా అండి?"

ఆ ఇల్లు మా అమ్మ నా పేరున రాసింది. మాకు మిగిలింది అదొక్కటే. స్టేషన్లో బెంచీ మీద కూలబడి, జనం చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా, "తండ్రీ, తెరవమని అడిగాను, క్షమించు, నువ్వు మూసినదాన్ని నా చేత్తో తెరవనివ్వకు" అని ఏడ్చాను.

ఇంటికొచ్చి తాకట్టుకూ, కొత్త ఖాతాకూ సంతకం పెట్టనని ఆయనతో చెప్పేశాను. ఆయన తిట్టలేదు, చెయ్యెత్తలేదు, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు, ఎన్నాళ్లకీ తిరిగి రాలేదు. ఆ తర్వాత రైలుపట్టాల దగ్గర ఎవరో పడ్డారంటే పరుగెత్తుకెళ్లి మొహం చూసి వచ్చేదాన్ని. సంతకం పెట్టకుండా నేనే చంపుకున్నానా అని గుండెలు బాదుకున్నాను. దేవుడు ఒక్క మాట పలకలేదు.

చివరికి సముద్రం దగ్గరున్న అడవులదీవి నుంచి మా ఆడపడుచు కబురు పంపింది. వెళ్లేసరికి ఆయన ఆమె ఇంటి అరుగు మీద గడ్డం పెరిగి కూర్చుని ఉన్నారు. చనిపోదామని సముద్రంలో నడుము లోతు దాకా వెళ్లారట, తనకు తెలియకుండానే "యేసయ్యా" అన్న మాట నోట వచ్చిందట, కాళ్లు ముందుకు పడక వెనక్కి తిరిగారట! "ఇంక సంతకం అడగనే, ఇంటికి తీసుకుపో" అన్నారు.

పోయిన డబ్బు తిరిగి రాలేదు. లోటు ఇప్పటికీ నా జీతంలోంచి కడుతున్నాం. మీ ఇంట్లో మూసుకుపోయినదేదైనా ఉంటే, ముఖ్యంగా కొత్తగా షేర్లలోకి దిగే తమ్ముళ్లూ, తెరవమని ఏడ్చే ముందు దాన్ని మూసిందెవరో దేవుణ్ణే అడగండి, ఆయన్ని నమ్మండి. మా ఆయన వెనక బల్ల మీద కూర్చున్నారు. తిరిగి చూడండి, సిగ్గుపడతారు గానీ పరవాలేదు. బతికున్నారు, దేవునికే మహిమ!