గుండ్రటి అల్లిక

సాలీళ్ల సారు ఇక లేరని పోయిన వారం ఒకరోజు పొద్దున్నే అమ్మ ఫోన్ చేశారు. అమ్మ అంటే సారు భార్య. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరై చందానగర్‌లో స్థిరపడ్డ ఆ మనిషిని తలచుకుంటే నాకు ఏడుపుకన్నా ముందు నవ్వే వస్తుంది. ఎందుకో మీకూ చెప్పాలి.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. నాది కడప. ఉద్యోగం కొండాపూర్‌లో, పిచ్చేమో సాలీళ్ల మీద. ఆఫీసు వెనక బండల దగ్గర, గూడు నడుమ గుండ్రటి తెల్లని అల్లిక వేసే చిన్న సాలీడొకటి కనిపించింది. నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. కొత్త జాతేనని తేల్చేసి, వ్యాసం రాసి, దానికి సారు పేరే పెట్టి, దిద్దిపెట్టమని అడగడానికి బయల్దేరాను. ఆయన ఔనంటే తప్ప నా రాతను ఏ పత్రికా ముట్టదు.

సారు ఆ రోజు బొంబాయి రోడ్డు మీద వంటావార్పులో ఉన్నారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, డప్పులు, నినాదాలు. నా యాస విని ఏమంటారోనని నాకు లోపల బెదురు. ఆయన ముందు నా చేతిలో కిచిడీ ప్లేటు పెట్టారు.

"తిను బిడ్డా, చల్లారితె బాగుండది. కాయితాలు యాడికి పోవు."

పొయ్యి పక్కనే కూర్చుని ఆఖరి పేజీ దాకా చదివారు. తన పేరు దగ్గర ఆగి పకపకా నవ్వారు.

"ఇది పిల్ల గాదా? పిల్లకు నా పేరు పెడ్తవా? జర పెద్దగ కానియ్యి."

"పెద్దదే సార్. నేను బాగా చూసినా."

"గట్లనా? అయితె ఇంట్ల పెంచు. ఫికర్ చెయ్యకు, అదే చెప్తది."

కిటికీలో పెట్టి, దోమలు పట్టి వేసి పెంచాను. కుబుసం విడిచినకొద్దీ నా కొత్త జాతి మారిపోయింది. చివరికి గుండ్రటి అల్లిక మానేసి, వంకర గీతలతో పెద్ద ఇంటూ గుర్తు అల్లుకుని దాని నడుమ దర్జాగా కూర్చుంది. ఏ పెరట్లోనైనా కనిపించే సాలీడే! మొహం వేలాడేసుకుని వెళితే సారుకు పండగే అయింది.

"పరేషాన్ ఎందుకు? పిల్ల తల్లి లెక్క అల్లదని కండ్లార చూసినవ్ గద. ఇగ గదే రాయి."

మళ్లీ రాశాను. నా ప్రతి గట్టి వాక్యం ముందూ ఆయన ఎర్ర సిరాతో "నేను చూసినంతలో" అని చేర్చారు. అది అచ్చయింది. ఈనాటికీ ఎవరితోనైనా గట్టిగా వాదించబోతే ఆ ఎర్ర సిరా గుర్తొచ్చి కాస్త తగ్గుతాను. అంతకన్నా విలువైనది నాకెవరూ ఇవ్వలేదు.

పోయిన వారం సారును తీసుకెళ్లే వేళ, ఇంటి గేటు రెక్కకూ గోడకూ మధ్య చిన్న గూడొకటి కనిపించింది. ఎవరో దులపబోయారు. అమ్మ ఏడుపు ఆపారు.

"ఆగుండ్రి. ఆ రెక్క తియ్యొద్దన్నడు ఆయన. జర ఇటుకెళ్లి తీస్కపోండ్రి."

మోసేవాళ్లు పక్కకు ఒదిగి, రెండో రెక్కలోంచి సారును జాగ్రత్తగా బయటకు తెచ్చారు. నేను వెనక ఆగి, వంగి చూశాను. గూడు నడుమ గుండ్రటి తెల్లని అల్లిక. ఇంకా పిల్లే.