గుమ్మం బయటి చెప్పులు

మా కుక్కను నేను మాదాపూర్‌లో హాస్టల్ సందు చివర, వాన నీళ్లు నిండిన గుంత పక్కన ఎత్తుకొచ్చాను. అప్పుడది అరచేతిలో పట్టేంత ఉండేది. వార్డెన్ తిట్టినా, రూమ్మేట్లు అలిగినా దుప్పట్లో దాచి పెంచాను. పెళ్లిచూపుల్లో మా ఆయనను నేనడిగిన ప్రశ్న ఒక్కటే, కుక్కలంటే మీకు పడుతుందా అని. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అది నా కుక్క అన్న సంగతి ముందే తేలిపోవాలి. హఫీజ్‌పేట్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చినవాళ్లెవరూ అది నాదని అనుకోరు. మా అత్తమ్మదనుకుంటారు.

మామయ్య పోయాక అత్తమ్మ కాకినాడ నుంచి మా దగ్గరికి వచ్చేసింది. కొత్తలో కుక్క ఎదురొస్తే కుచ్చిళ్లు పైకెత్తుకుని గోడవారగా నడిచేది. నేను పొద్దున్నే ఆఫీసు క్యాబ్ ఎక్కితే మళ్లీ దీపాలు పెట్టాకే ఇల్లు చేరడం. పగలంతా ఇంట్లో వాళ్లిద్దరే. వాళ్ల మధ్య ఏం మంతనాలు జరిగాయో నాకు తెలియదు గానీ, ఒక ఎండాకాలం గడిచేసరికి కుక్క పార్టీ ఫిరాయించింది. పెరుగన్నం ఆమె కలిపితేనే తింటుంది. మధ్యాహ్నం ఆమె సీరియల్ చూస్తుంటే పాదాల మీద గడ్డం ఆనించుకుని పడుకుంటుంది. నేను దాన్ని ‘బిడ్డా’ అంటాను, అది మా వైపు పిలుపు. ఆమె ‘అమ్మడూ’ అంటుంది. ఇద్దరూ ఒకేసారి పిలవండి, ఎటు పోతుందో చూద్దాం అని మా ఆయన ఒకసారి సరదా పడ్డాడు. ఆ సరదా రెండోసారి పడనివ్వలేదు నేను.

నా వాటాకు మిగిలినవి సూదులు. టీకాకు ఏ ఏడూ తప్పకుండా, ఆఫీసులో సెలవు పెట్టి మరీ నేనే తీసుకెళ్లేదాన్ని. నా చేతిలో పట్టీ కనపడితే చాలు, అది అత్తమ్మ మంచం కిందికి దూరేది. కాళ్లు పట్టి బయటికి లాగాలి. క్లినిక్‌లో బల్లమీద దాని తల నేనే గట్టిగా పట్టుకోవాలి. “ఇంట్లో పడుండే జీవికి ఎందుకమ్మా ఇన్ని పోట్లు?” అనేది అత్తమ్మ. మేం తిరిగొచ్చేసరికి ఇంత వెన్న తీసి దాని చేత నాకిస్తూ, వీపు నిమురుతూ కూర్చునేది. పొడిపించింది నేనట, ఓదార్చింది తనట. నాకు ఒళ్లు మండేది.

ఇలా ఉండగా కోకాపేటలో ఉండే మా ఆడపడుచు ఒక కుక్కపిల్లను కొని తెచ్చుకుంది. తెల్లగా, దూదిలా ఉంది. దానికి సూదులన్నీ పూర్తికాకముందే వాళ్ల టవర్ కింద లాన్‌లో తిప్పింది. కొద్దిరోజులకే అది తిండి మానేసింది, వాంతులు, ఆ తర్వాత నెత్తురు విరేచనాలు. పార్వో అన్నారు, కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్. పగలు క్లినిక్‌లో సెలైన్ ఎక్కించి సాయంత్రానికి ఇంటికి పంపేవాళ్లు. ఆడపడుచుకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ వారం, కదలడానికి లేదు. దాంతో అత్తమ్మ బయల్దేరింది. పొద్దున వెళ్లి, క్లినిక్‌లో కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుని, సాయంత్రం దాన్ని కోకాపేట చేర్చి మా ఇంటికి వచ్చేది.

ఇక్కడ మా కుక్క పగలంతా తలుపు వైపు చూస్తూ కూర్చునేది. నేను ఆ వారం ఇంటి నుంచే పని చేస్తున్నాను. ఎదురుగా నేనున్నాను, దాన్ని సాకిన మనిషిని, అయినా దాని చూపు తలుపు మీదే. ఆమె వేరే కుక్కను ఒళ్లో పెట్టుకుందన్న సంగతి దానికి తెలియదు. అందుకని దాని తరఫున కూడా నేనే కుళ్లుకున్నాను.

మా డాక్టరుకు ఫోన్ చేశాను.

“మీ దానికి టీకాలు టైముకు పడ్డాయి మేడం, అంత ఫికర్ చేసేది లేదు,” అన్నాడాయన. “కానీ టీకా ఉంది కదా అని వైరస్‌ని ఇంట్లోకి పిలుచుకోవద్దు. ఫినాయిల్‌కి ఇది చావదు. ముందు సబ్బుతో కడగండి, తర్వాత బ్లీచింగ్ నీళ్లు పోసి కొద్దిసేపు ఆరనివ్వకుండా ఉంచండి. అక్కడికి పోయొచ్చినవాళ్ల బట్టలు, చేతులు, సంచి, చెప్పులు, ఏదీ వదలొద్దు.”

ఇంటి చట్టం ఆరోజే రాశాను. అత్తమ్మ రాగానే ఎవరినీ, దేన్నీ ముట్టుకోకుండా నేరుగా బాత్రూంకి పోవాలి. చీర వేడినీళ్లలో పడాలి. సంచి బాల్కనీలో ఎండలో ఉండాలి. నేను వెనకాలే బ్లీచింగ్ నీళ్లతో ఆమె నడిచిన మేర తుడిచేదాన్ని. చెప్పులంటారా, మన ఇళ్లల్లో చెప్పులు గుమ్మం బయటే కదా ఉండేది. లోపలికి రానిదానికి చట్టమెందుకని ఆ మాట ఆమెకు చెప్పనే లేదు.

వైరస్ అంటే అత్తమ్మకు ఏమర్థమైందో గానీ, మైల అంటే బాగా తెలుసు. చావింటి నుంచి వస్తే ఎలా ఉంటారో అలాగే ఉండేది. తలమీంచి నీళ్లు పోసుకునేది, పసుపు రాసుకునేది. నేను స్నానమైతే చాలన్నాను. ఆమె స్నానమయ్యాక కూడా కుక్కను ముట్టుకోలేదు. “అక్కడ ఆ పిల్లకు నయమయ్యేదాకా నాకు మైలే అమ్మా,” అని తన గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకునేది. అంత అక్కర్లేదు అత్తమ్మా అని ఒక్కమాట అనవచ్చు. నేననలేదు. కుక్క మళ్లీ నా మంచం పక్కన పడుకోవడం మొదలుపెట్టింది, నాకు అదే పదివేలు.

కోకాపేట పిల్ల దక్కలేదు. ఆ సాయంత్రం నేను తలుపు తీయగానే అత్తమ్మ లోపలికి రాకుండా అక్కడే నిలబడింది. “పోయిందమ్మా. నా ఒళ్లోనే పోయింది,” అంది. కుక్క నా కాళ్ల మధ్య నుంచి దూరి ఆమె దగ్గరికి పోబోయింది. మెడపట్టీ పట్టుకుని ఆపాను.

“ముందుగాల స్నానం చెయ్యుండ్రి అత్తమ్మా.”

ఆమె కుక్కవైపు ఒకసారి చూసి, కొంగు దగ్గరికి లాక్కుని బాత్రూంలోకి వెళ్లిపోయింది. చాలాసేపు నీళ్ల చప్పుడు వినపడుతూనే ఉంది. ఈలోగా నీళ్ల క్యాన్ వచ్చింది. తలుపు తీసి, క్యాన్ లోపలికి దొర్లించి, మళ్లీ వేశాను. కుక్క బయటికి పోయి తిరిగి రావడం కంటి చివరన కనపడింది గానీ పట్టించుకోలేదు.

హాల్లోకి వచ్చి చూస్తే దాని పరుపు మీద అత్తమ్మ చెప్పు ఉంది. ఎడమకాలిది. కుక్క దాన్ని ముందరి కాళ్ల మధ్య పెట్టుకుని మెల్లగా, ఓపిగ్గా నాకుతోంది. ఆ చెప్పు క్లినిక్ నేల మీద నడిచింది, కోకాపేట లాన్ మీద నడిచింది. కుక్క నోటికి తగలకూడని వస్తువు లోకంలో ఏదైనా ఉందంటే ఆరోజు అదొక్కటే. నేను లాక్కున్నాను. అది గుర్రుమంది. హాస్టల్ దుప్పట్లో నా పొట్టకు ఆనుకుని పడుకున్న కుక్క నా మీద గుర్రుమంది.

నాకు ముందు భయమే వేసిందంటే అబద్ధమవుతుంది. ముందు కడుపు మండింది. నా చెప్పు ఇన్నేళ్లలో ఒక్కనాడూ తెచ్చుకోలేదే అని. భయం ఆ వెనక వచ్చి, వచ్చాక ఇక పోలేదు.

అత్తమ్మ తడిజుట్టుతో బయటికొచ్చి నా చేతిలో చెప్పు చూసింది.

“గీ చెప్పులేసుకొనే కదా ఆడ తిరిగిండ్రు,” అన్నాను.

“బయటే కదమ్మా విడిచాను. చెప్పుల సంగతి నువ్వు అనలేదే.”

నిజమే, అనలేదు. ఒప్పుకునే ఓపిక నాకప్పుడు లేదు. కుక్క నోరు తుడిచాను, పరుపు గుడ్డ నానబెట్టాను, మెట్ల దాకా వరండా అంతా బ్లీచింగ్ నీళ్లు పోశాను. చెప్పుల జతను బకెట్లో ముంచాను. ఆ ఘాటుకు కళ్లు మండి నీళ్లు కారాయి. ఏడ్చాను కూడా, ఎవరూ చూడలేదు.

అప్పటినుంచి రోజూ కుక్క ముక్కు, కళ్లు, మలం చూసుకోవడమే నా పని. ఇంటి నుంచి పని ఇంకొన్నాళ్లు పొడిగించుకుని, మీటింగుల్లో కెమెరా ఆపేసి దాని పక్కన నేలమీద కూర్చునేదాన్ని. కొన్నాళ్లు మామూలుగానే ఉంది. ఒక పొద్దున గిన్నె ముట్టలేదు. నేను పెరుగన్నం కలిపి వేళ్లతో పెట్టాను, మొహం తిప్పుకుంది. అత్తమ్మ గది గడప మీద నిలబడి, “తినలేదా?” అని మాత్రం అడిగింది. చెప్పు గొడవయ్యాక ఆమె హాల్లోకి రావడమే మానేసింది. నేను కుక్కను చంకనేసుకుని క్లినిక్‌కి పరుగెత్తాను. కోకాపేట పిల్లకు కూడా తిండి మానేయడంతోనే మొదలైంది మరి.

డాక్టరు పరీక్ష చేశాడు, పొట్ట నొక్కి చూశాడు, జ్వరం చూశాడు.

“దీనికి పార్వో లేదు మేడం. టీకా తన పని తాను చేసింది,” అన్నాడు. తర్వాత దాని చెవి వెనక గోకుతూ అడిగాడు. “ఇంట్లోంచి ఎవరైనా ఊరికి పోయారా?”

“లేదు సర్. అందరం ఇంట్లనే ఉన్నం,” అన్నాను.

ఇంటికొచ్చి పట్టీ విప్పాను. అత్తమ్మ తన గదిలో మంచం అంచున కూర్చుని ఉంది. కుక్క గడప దాకా పోయి ఆగిపోయింది. నాకు ఎంత కష్టమైందో చెప్పలేను, అయినా అన్నాను.

“ముట్టుకోండ్రి అత్తమ్మా.”

“మైల పోలేదేమోనమ్మా.”

“పోయింది. నేను చెప్తున్న కదా.”

ఆమె చేతులు మళ్లీ ఒకసారి సబ్బుతో కడుక్కొచ్చింది. వంటింట్లో గిన్నె చప్పుడైంది. అన్నంలో పెరుగు పోసి పిసికి, నేలమీద కూర్చుని “అమ్మడూ” అంది. అది గిన్నె అడుగు కనపడేదాకా తలెత్తలేదు. నేను ఫ్రిజ్‌కి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను.

నెల తిరక్కుండానే ఆడపడుచు ఇంకో పిల్లను తెచ్చుకుంటానని ఫోన్ చేసింది. అత్తమ్మ స్పీకర్ పెట్టి మాట్లాడుతుంది కాబట్టి వంటింట్లో నాకు అంతా వినపడింది.

“కుదరదమ్మా. ఆ పురుగు మీ ఇంట్లో నెలల తరబడి ఉంటుంది. ఫినాయిల్ పెట్టి తుడిచేశానంటే సరిపోదు. డాక్టరు సరేనన్నాకే తెచ్చుకో, అదీ సూదులన్నీ పూర్తయిన దాన్నే. మా అమ్మడు ఆ చెప్పు నాకి కూడా బతికి బట్టకట్టిందంటే, మా కోడలు ఏటా దానికి చెడ్డదైనా సరే సూది వేయించబట్టే.”

నా గుండె పొంగింది. ఇన్నేళ్లకు ఒకరు నా సూదుల సంగతి ఎత్తారు. పొంగిన గుండె కాస్త నిలబడ్డాక, ‘మా అమ్మడు’ అన్నమాట లోపల గుచ్చుకుంది. ‘మా కోడలు’ అని కూడా అంది, అది నాకు తర్వాత గానీ తట్టలేదు.

ఆ ఆదివారం నా చెప్పులు కూడా సబ్బుతో రుద్ది, బ్లీచింగ్ నీళ్లలో ముంచి, ఎండబెట్టాను. ఒకరోజు తొడుక్కుని ఇంట్లోనే తిరిగి, తర్వాత గుమ్మం లోపల, కుక్క పరుపుకు దగ్గరగా విడిచాను.

“చెప్పులు లోపల పెట్టావేంటమ్మా?” అంది అత్తమ్మ.

“బయట ఎవరన్న తొక్కుతరని అత్తమ్మా.”

ఆమె నన్ను చూసింది, పరుపును చూసింది. వాటిని బయట మాత్రం పెట్టలేదు. ఇల్లు తుడిచేటప్పుడు కూడా పక్కకు జరిపి తుడిచి, మళ్లీ పరుపు దగ్గరే పెడుతోంది. కుక్క రోజూ వాటిని దాటుకుని ఆమె గదిలోకి పోతోంది.