పదిహేనో కర్ర

నిన్న పొద్దున్న పాపని స్కూల్లో దింపడానికి వెళ్తుంటే బేసింగ్‌స్టోక్ రింగ్‌రోడ్డు మీద రౌండబౌట్ దగ్గర కౌన్సిల్ వాళ్ళు గడ్డి కోస్తున్నారు. రాత్రి వాన పడిందేమో, తడిగడ్డి వాసన కారులోకి గుప్పున వచ్చింది. వెనకసీట్లోంచి నా కూతురు "మమ్మీ, గో! ఇట్స్ క్లియర్!" అని అరిచేదాకా నేను గ్లాస్గోలోనే ఉన్నాను. ఆరేళ్ళయింది ఆ ఊరు వదిలి. ఇప్పటికీ ఈ వాసన తగిలితే చాలు, ఇంగ్రిడ్ ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

ఇంగ్రిడ్ ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. వాళ్ళ స్వీడన్‌లోనే ఇప్పుడు ఎక్కువమందికి తెలియదు. అక్కడ ఉత్తరాన ఏదో చిన్న ఊరు ఆవిడది. ఏడాదిలో సగం మంచే. మంచులో తెల్లబంతి కనపడదని వాళ్ళ నాన్న నారింజరంగు బంతులు కొనిపెట్టేవాడట. పంతొమ్మిదో ఏట ప్రొఫెషనల్ గోల్ఫ్‌లోకి వచ్చి ఇరవై రెండేళ్ళు యూరప్ అంతా తిరిగి ఆడింది. నాలుగుసార్లు రెండోస్థానం వచ్చింది. మొదటిస్థానం ఒక్కసారీ రాలేదు. మణికట్టు దెబ్బతిన్నాక పెద్ద పోటీల్లో చోటు పోయి, చివరికి గ్లాస్గో శివార్లలో ఒక చిన్న క్లబ్‌లో కోచ్‌గా చేరింది. "నాలుగుసార్లు పెళ్ళికూతురి పక్కన నిలబడ్డాను, పీటల మీద మాత్రం కూర్చోలేదు" అని తనమీద తనే జోకు వేసుకునేది. నవ్వేది కూడా. కానీ ఆ నవ్వు కళ్ళదాకా వచ్చేది కాదు.

నేను అక్కడికి ఆటకోసం వెళ్ళలేదు. గోల్ఫ్ అంటే నా దృష్టిలో పనీపాటా లేనివాళ్ళ వ్యవహారం. మా ఆయన ఉద్యోగం కోసం గ్లాస్గో వచ్చాం. బి.టెక్ చదివి, ముప్ఫై ఒకటో ఏట ఫ్లాట్‌లో గోడలు చూస్తూ కూర్చోలేక ఆ క్లబ్‌లో వారానికి మూడురోజుల పనికి కుదిరాను. ప్రాక్టీసు చేసేవాళ్ళు కొట్టిన బంతులు ఏరాలి, కడగాలి, బుట్టల్లో పొయ్యాలి. తెనాలి నుంచి అమ్మ ఫోన్లో "నిన్ను ఇంజనీరింగు చదివించింది బంతులు ఏరడానికా తల్లీ?" అని ఒకటే గోల.

రెండోవారంలోనే బంతులు కడిగే మిషన్ నా చేతిలో ఆగిపోయింది. నేనేం చేశానో తెలుసా? దానిమీద గుడ్డ కప్పి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి టీ తాగాను. చిన్నప్పటినుంచీ నాకదే రోగం. గ్లాసు పగిలితే పెంకులు బియ్యండబ్బా వెనక దాచే రకాన్ని. ఇంగ్రిడ్ గుడ్డ తీసి చూసి, మోకాళ్ళమీద కూర్చుని లోపల ఇరుక్కున్న రాయి ఒకటి తీసింది.

"చెప్పి ఉంటే అయిదు నిమిషాల పని" అంది. "దాచడంవల్ల పొద్దుటినుంచీ నీ మొహం ఎలా ఉందో చూసుకున్నావా?"

నేను మొహం తిప్పుకున్నాను. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ సాయంత్రం మాత్రం ఒక పాత ఏడోనంబరు కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది. గోల్ఫ్ ఆడేవాళ్ళు దాన్నీ క్లబ్ అనే అంటారు గానీ నా నోటికి కర్ర అనే వస్తుంది. "రోజూ పని అయ్యాక ఇరవై బంతులు కొట్టు. ఊరికే."

ఊరికే అన్న మనిషి ఊరికే ఉంటుందా! బంతి పొదల్లోకి పోయిందని నేను కాళ్ళీడ్చుకుంటూ వెళ్తే వెనక్కి పిలిచి మళ్ళీ నడిపించేది. "మంచిదెబ్బ దగ్గరికి ఎలా వెళ్తావో, చెడ్డదెబ్బ దగ్గరికీ అలాగే వెళ్ళు. తల ఎత్తి. అదీ నువ్వు కొట్టిందే." ఆ నడక పట్టుబడ్డాకే నేను ఇంటర్వ్యూలకి వెళ్ళగలిగాను. మూడుచోట్ల కాదన్నారు, నాలుగోచోటికి కూడా వెళ్ళాను. అంతకుముందైతే మొదటిదానికే దుప్పటి ముసుగేసేదాన్ని.

ఆవిడకి యాభై నిండాయి. యాభై దాటిన ఆడవాళ్ళకి పెద్ద టోర్నమెంటు ఒకటి ఉంది. దాంట్లోకి వెళ్ళాలంటే ముందు సముద్రం ఒడ్డున ఒకరోజు అర్హత పోటీ, పద్దెనిమిది హోల్స్, అంటే బంతిని వరసగా పద్దెనిమిది గుంతల్లోకి కొట్టాలి. "మణికట్టు ఈ ఒక్క ఏడాదికి ఒప్పుకుంటోంది. ఇదే ఆఖరు" అంది. "నా సంచి నువ్వు మొయ్యి."

"నాకేం తెలుసండీ ఆట?"

"నడవడం తెలుసు. చాలు."

గోల్ఫ్‌లో ఒక నియమం ఉంది. సంచిలో పద్నాలుగు కర్రలకి మించి ఉండకూడదు. బయలుదేరేముందు లెక్కపెట్టడం సంచి మోసే మనిషి పని. ముందురోజు అన్నీ తుడిచి సర్దుతూ, అలవాటు చొప్పున నా ఏడోనంబరు కర్రనీ అందులోనే పెట్టేశాను. రోజూ అది ఉండేది ఆ సంచిలోనే మరి. పొద్దున్న చలికి, కంగారుకి లెక్క మర్చిపోయాను. మూడో హోల్ అయ్యాక తువ్వాలు లాగితే, కింద పసుపుదారం కట్టిన కర్ర కనపడింది. నాదని గుర్తుకోసం వరలక్ష్మీవ్రతం తోరం నేనే కట్టుకున్నాను దానికి.

అటుచూస్తే ఇంగ్రిడ్ ముందెన్నడూ ఆడనంత బాగా ఆడుతోంది. పదేళ్ళు చిన్నదైపోయింది మనిషి. ఇప్పుడు చెప్తే కుప్పకూలిపోతుందనుకున్నాను. ఎవరు చూశారులే అనుకున్నాను. తువ్వాలు మళ్ళీ కప్పేశాను. ఆ కర్ర ఎవరూ వాడలేదు, ఎవరికీ అన్యాయం జరగలేదు అని దారంతా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆట ముగిశాక సంతకం పెట్టేముందు అడిగింది, "కర్రలు చూశావుగా?"

"చూశాను. పద్నాలుగు" అన్నాను. పాపిష్టిదాన్ని.

సంతకం పెట్టింది. కావలసినదానికంటే అయిదు దెబ్బలు తక్కువలోనే ఆట ముగించింది. ఈ ఆటలో తక్కువ కొట్టినవాళ్ళదే పైచేయి. నన్ను గట్టిగా కావలించుకుని, ఆ ఆనందంలో సంచి తనే అందుకుని తడికర్రలు తుడవడం మొదలుపెట్టింది. తోరం కట్టిన కర్ర పైకి వచ్చింది. ఒక్క క్షణం దాన్నే చూసింది.

"ఎప్పుడు తెలిసింది?"

"మూడో హోల్ దగ్గర."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "పదిహేను హోల్స్ ఒక్కదానివే మోశావా దీన్ని?" అని మాత్రం అడిగింది. తర్వాత ఆ కర్ర చేత్తో పట్టుకుని నిర్వాహకుల బల్ల దగ్గరికి నడిచింది. తల ఎత్తి, అదే నడక.

అక్కడ ఉన్న ముసలాయన చాలాసేపు పుస్తకం తిరగేసి, మరో ఇద్దరితో మాట్లాడి వచ్చాడు. మర్చిపోయి తెచ్చి, చూడగానే చెప్పి ఉంటే శిక్ష నాలుగు దెబ్బలేనట. అయిదు చేతిలో ఉన్నాయి కాబట్టి ఆవిడ ఇంకా ఒక దెబ్బతో లోపలే ఉండేది. సంచి మోసే మనిషి తెలిసీ దాచిపెట్టింది కనక మొత్తం ఆటనుంచే తీసేశారు. ఆ మాట చెప్తూ ఆయన నావైపు చూడలేదు. ఆవిడ థాంక్యూ చెప్పి వచ్చేసింది.

తిరుగుప్రయాణంలో దారిలో ఆపి చిప్స్ కొనిపెట్టింది. నేను పొట్లం విప్పకుండా ఒళ్ళో పెట్టుకున్నాను. దిగేటప్పుడు నా కర్ర నాకిచ్చి, "శనివారం కలుద్దాం" అంది. నేను శనివారం వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని మెసేజ్ పెట్టాను. పై శనివారమూ అదే. నెల తిరిగేసరికి మా ఆయనకి బేసింగ్‌స్టోక్‌లో ఉద్యోగం వచ్చింది. సామాను సర్దుకుని, కనీసం వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా ఊరు దాటేశాను. ఆవిడ మళ్ళీ నా మొహం చూడాలనుకోదని నాకు నేనే తీర్పు ఇచ్చేసుకున్నాను. గ్లాసు పెంకులు దాచినట్టే నన్ను నేను దాచేసుకున్నాను.

పోయిన ఏడాది ధైర్యం చేసి క్లబ్‌కి ఫోన్ చేశాను. కౌంటర్‌లో ఉండే మోయిరా ఆంటీ ఇంకా అక్కడే ఉంది. ఇంగ్రిడ్ మణికట్టుకి ఆపరేషన్ అయిందట, మళ్ళీ ఏ పోటీకీ వెళ్ళలేదట, రెండేళ్ళక్రితం స్వీడన్ వెళ్ళిపోయిందట.

"నీ పేరు మాత్రం శనివారం డ్యూటీల రోటాలోంచి మూడునెలలు తియ్యనివ్వలేదమ్మా" అంది మోయిరా. "మనిషి కావాలి, వేరేవాళ్ళని పెడదామంటే వినేది కాదు. 'బయలుదేరే ఉంటుంది, నడిచి రావడానికి కాస్త టైమ్ పడుతుంది' అనేది."

ఫోన్ పెట్టేసి వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. నావల్ల ఏదన్నా తప్పు జరిగితే ఎవరూ కనిపెట్టకముందే మీటింగులో లేచి చెప్పేస్తాను. "మీకు భయం లేదే!" అంటారు కొత్తగా చేరిన పిల్లలు. ఆ పాఠం నేను నేర్చుకోవడానికి ఇంకొకరి ఆఖరి ఆట ఖర్చయిందని వాళ్ళకేం తెలుసు!

తోరం రంగు వెలిసిపోయింది గానీ ఆ కర్ర ఇంకా నా కారు డిక్కీలోనే ఉంది. మోయిరా ఇచ్చిన స్వీడన్ నంబరు కూడా ఏడాదిగా నా ఫోన్లో ఉంది. నిన్న పాపని దింపాక స్కూలు పక్కన కారు ఆపి, ఆ పేరు దాకా వెళ్ళి, మళ్ళీ ఫోన్ సంచిలో వేసేసుకున్నాను. ఆఫీసులో అందరిముందూ లేచి నిలబడే మనిషిని. మూడునెలలపాటు నాకోసం శనివారాన్ని ఖాళీగా ఉంచిన ఆవిడ దగ్గరికి మాత్రం, తల ఎత్తి, ఆ నడక ఇంకా నడవలేకపోతున్నాను.