తొమ్మిదిన్నర వేళ్ల హెచ్చరిక

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ తొమ్మిదిన్నర అంటారు. చేతివేళ్ల లెక్క అది. మిగిలిన అర కోత మిషన్ తినేసింది. ఎలా పోయిందని అడిగితే సిగ్గూ ఎగ్గూ లేకుండా చెప్తాడు: "హెచ్చరిక చదువుతుంటే పోయింది."

అబద్ధం కాదు. "లోపల చెయ్యి పెట్టరాదు" అన్న స్టిక్కర్ని ఆ మహానుభావులు అతికించింది మూత లోపలి వైపున. అదీ చీమ తలకాయంత అక్షరాల్లో. మూతెత్తి, తల దూర్చి, చెయ్యి ఆనించుకుంటే తప్ప కనపడదు. ఇతను మిషన్ తిరుగుతుండగానే వంగాడు. "పెట్టరాదు" దగ్గరికి వచ్చేసరికి కుడి చూపుడువేలు సగం లేదు.

కంపెనీవాళ్లు జాలిపడి స్టిక్కర్ల గదిలో కూర్చోబెట్టారు. పదేళ్లుగా పెట్టెల మీదకి "ఈ వైపు పైకి" బాణాలు గీసుకుంటూ హాయిగానే ఉన్నాడు. ఇంతలో వాళ్లావిడ చెల్లెలికి ఇదే ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. సోమవారం నుంచి కోత మిషన్ మీదే. మనిషి గుండెల్లో రాయి పడింది. మరదలి చేతులు ఒక్క క్షణం ఊరుకోవు. తిరుగుతున్న మిక్సీకి మూత తీసి చూసే రకం.

"బెంగపడకు బావా, నాకు పదీ ఉంటాయిలే" అని నవ్వింది కూడా. అతనికి మాత్రం నవ్వు రాలేదు.

కొత్త స్టిక్కరు కావాలని సేఫ్టీ ఆఫీసర్ దగ్గరికి వెళ్లాడు. ఆయన పెద్ద చదువులు చదివినాయన. అక్కడికక్కడే పద్నాలుగు లైన్లు చెప్పి రాయించారు. "కార్మికులు గమనించవలసినదేమనగా" అని మొదలు. అది పూర్తయ్యేలోపు మోచెయ్యి దాకా పోతుంది.

"ఇంత ఎవరు చదువుతారు సార్?"

"రాయడం మన బాధ్యత. చదవడం వాళ్ల ఖర్మ."

తొమ్మిదిన్నరకి ఒళ్లు మండిపోయింది. టైపు చేసేటప్పుడు తొమ్మిదో లైన్లో సొంత ముక్క ఒకటి ఇరికించాడు: "కింద సంతకం పెట్టినాయన దీన్ని చదవలేదు." ఆఫీసర్ గారు కళ్లజోడు సర్దుకుని, కాగితాన్ని ఎగాదిగా చూసి, దర్జాగా సంతకం పడేశారు.

"తొమ్మిదో లైను ఒక్కసారి చూడండి సార్."

చూశారు. మొహం కందగడ్డ అయిపోయింది. చాలాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చుని, "నీకేది తోస్తే అది అతికించుకో పో" అన్నారు.

అతను కుడి అరచేతికి ఎర్ర ఇంకు పూసుకుని పసుపు కాగితం మీద గట్టిగా అద్దాడు. నాలుగు నిండు వేళ్లు, ఒక సగం వేలు. దాని కింద పెద్ద అక్షరాలతో "ముందు స్విచ్ ఆపు". పట్టుకెళ్లి మూత బయట, పిడి పక్కనే అతికించాడు.

సోమవారం పొద్దున్నే పని మానేసి స్తంభం చాటున నిలబడ్డాడు. గంట తిరక్కుండానే మరదలి మిషన్లో అట్ట ఇరుక్కుంది. అలవాటు కొద్దీ చెయ్యి పిడి మీదకి పోయింది, ఆగింది. ఆ ఎర్ర చెయ్యి మీద తన చెయ్యి ఆనించి చూసుకుంది. చూపుడువేలు సగం ఖాళీ కాగితం మీద ఉండిపోయింది. ఆ పిల్ల మొహంలో నవ్వు పోయింది. వెళ్లి స్విచ్ ఆపి, అప్పుడు మూతెత్తింది.

తొమ్మిదిన్నర కళ్లు తుడుచుకుంటూ తన గదికి పోయాడు. ఆ పూట గీసిన "ఈ వైపు పైకి" బాణాలన్నీ కిందికే ఉన్నాయి.