అలకపాన్పెక్కిన లారీ సీటు

ఇప్పుడంటే ఏ బండి సామాను కావాలన్నా ఫోను చేస్తే గుమ్మంలోకి వస్తోంది గానీ, మా రోజుల్లో (యుద్ధం ముగిసి పదేళ్లు కూడా కాలేదు) పాత లారీకి సరైన సీటు వెతకడమంటే పిల్లకి సంబంధం వెతకడమే. వెడల్పు కుదిరితే ఎత్తు కుదరదు, ఎత్తు కుదిరితే కాళ్లు కుదరవు. మా మావయ్య మిలటరీవాళ్లు వదిలేసిన అమెరికా లారీ ఒకటి వేలంలో కొని, చోడవరంలో మా కళ్లంలో నిలబెట్టాడు. దాని స్టీరింగు ఎడమవైపు ఉండేది. మన రోడ్లకి పనికిరాదని మేస్త్రి రెండు నెలలు కుస్తీపట్టి దాన్ని కుడివైపుకి మార్చాడు. ఇంజను దగ్గి, తుమ్మి, లేచింది. లేనివల్లా సీట్లే. వేలానికి ముందే ఎవరో ఊడబెరుక్కుపోయారు.

దానికి డ్రైవరుని నేను. ఇరవై రెండేళ్లవాణ్ణి. జేబులో లైసెన్సు, చేతికి కొత్త వాచీ (మూడేళ్లు బెల్లం పెనం దగ్గర పొగ మింగి కొనుక్కున్నది). నిద్రలో కూడా గేర్లు మారుస్తున్నాను. ఇంతలో చెరుకు నరకడం మొదలైపోయింది.

"ఒరే, సోమవారానికి సీటు దొరికితే సరే. నేదంటే అనకాపల్లోడి లారీ మాటాడీస్తాను. నువ్వెల్లి గానుగెద్దుల్ని తోలుకో!" అన్నాడు మావయ్య.

ఇంక నాకు అన్నం సయించలేదు. కొలత తాడు మెడలో వేసుకుని సైకిలెక్కాను. బుచ్చయ్యపేటలో దొరికింది బస్సు సీటు. కోటపాడులో దొరికింది మిలటరీదే గానీ, అందులో పిల్లి ఈనింది. చివరికి శనివారం మధ్యాహ్నం చీడికాడలో దొరికింది, మా లారీకి తోబుట్టువైన లారీ సీటు, స్ప్రింగులతో సహా. కానీ అది పెళ్లిపందిట్లో ఉంది. మీద పట్టుబట్ట కప్పారు. దానిమీద కొత్త పెళ్లికొడుకు మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఆ ఇంట్లో మెత్తటి ఆసనం అదొక్కటే కాబట్టి, దాన్నే అలకపాన్పు చేశారు!

"సీటు పట్టుకెల్లు బాబూ, నాకేటి? కానీ అల్లుడు లెగాల గదా!" అన్నాడు పెళ్లికూతురి తండ్రి.

"ఏటి కావాలంతన్నాడు?"

"వాచీ అడుగుతన్నాడు. సైకిలిత్తానంటే మొగం తిప్పీసేడు."

అలక తీరకుండా అల్లుణ్ణి లేపడం ఎక్కడైనా ఉందా? మేనమామలు బతిమాలారు, మరదళ్లు పాటలు పాడారు. అతను కదిలినప్పుడల్లా స్ప్రింగులు మూలిగేవి, నా ప్రాణం చివుక్కుమనేది. నేను పందిరి ఈ చివర నుంచి ఆ చివరకి తిరగడం, చెయ్యెత్తి టైము చూడడం, మళ్లీ తిరగడం. అలా ఎన్నిసార్లు చూశానో గానీ, పెళ్లికొడుకు కళ్లు కూడా నా చేతి మీదే పడ్డాయి.

"అదిత్తే లెగుత్తాను," అన్నాడు, వాచీ అడిగిన మూడు రోజులకి మళ్లీ నోరు విప్పి.

పందిరంతా నావైపు తిరిగింది. వాచీ విప్పి ఇచ్చేశాను.

ఆదివారం సీటు ఎడ్లబండి మీద కళ్లానికి చేరింది. కుడివైపు పెట్టి కూర్చున్నాను. జర్రున జారి తలుపుకి గుద్దుకున్నాను. లారీ లోపల నేల మధ్యలో ఎత్తు, అంచుల్లో పల్లం. అందుకని సీటుకి ఒకవైపు కాళ్లు పొట్టి, రెండోవైపు పొడుగు. కుడివైపు పెట్టేసరికి పొట్టికాళ్లు పల్లంలో, పొడుగుకాళ్లు ఎత్తులో పడ్డాయి.

మేస్త్రి తల గోక్కున్నాడు. "ఇది అసలైన డ్రైవరు సీటే బాబూ. కానీ ఎడంపక్క డ్రైవరుది. స్టీరింగైతే మార్సీసేను గానీ, సీటు సంగతి మర్సిపోనాను."

"తిప్పి బిగిస్తే?"

"బేషుగ్గా కూకుంటాది. నువ్వే ఎనక్కి సూస్తూ తోలాల."

పోనీ కాళ్లు కోసి అతికిద్దామన్నాను. అప్పటికే మావయ్య దాన్ని ఎడమవైపు పెట్టించి, కూర్చుని, రెండుసార్లు ఎగిరి చూసుకున్నాడు. "దీని కాళ్లు కోత్తే నీ కాళ్లు ఇరగ్గొడతాను!"

సోమవారం బెల్లం వేసుకుని అనకాపల్లి బయల్దేరాం. మావయ్య స్ప్రింగుల మీద ఊగుతూ, నేను చెక్కపెట్టె మీద గోనె మడతేసుకుని ఎముకలు లెక్కపెట్టుకుంటూ. సగం దారిలో, "టైమెంతయిందిరా?" అన్నాడు. బోసి మణికట్టు చూసుకున్నాను. "నా అలక తీరేక సెప్తాను మావయ్యా," అన్నాను.

ఇప్పుడు ఎనభై దాటాయి. మనవడు కారు తోలుతుంటే ఎడమవైపు నేనే కూర్చుంటాను. సీటు పరుపులా ఉంటుంది. అయినా గతుకు వచ్చినప్పుడల్లా కుడికాలు దానంతటదే బ్రేకు వెతుక్కుంటుంది. ఆ చెక్కపెట్టె మీద కూర్చుని తోలిన కుర్రవాడి మీద నాకు ఇప్పటికీ అసూయే.