తాడిచెట్టెక్కిన సైకాలజీ సారు

వీరరాఘవులు గారు ఎవరి మాటా నమ్మరు. అలాగని అబద్ధమనీ అనరు. పుస్తకం తీసి రాసుకుంటారు, పరీక్ష పెడతారు. లెక్క తేలేదాకా ఇంటివాళ్లనూ వీధివాళ్లనూ ఆఖరికి కుక్కలనూ కూడా నెమ్మదిగా ఉండనివ్వరు.

విమానాలు ఇంకా బేగంపేటలోనే దిగుతున్న ఆ రోజుల్లో, అంటే తొంభై ఒకటిలో, ఆయన శంషాబాద్‌లో దుర్గవ్వ ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్నారు. సొంతూరు తెనాలి. పట్నంలో ఒక కాలేజీలో సైకాలజీ చెప్పేవారు. భార్య నాగమణి గారికి తెనాలి పోస్టాఫీసులో ఉద్యోగం కాబట్టి ఇక్కడ ఒక్కరే ఉండేవారు. పట్నంలో గది దొరక్క కాదు ఇంతదూరం రావడం. అక్కడ ముగ్గురు ఇంటివాళ్లు ఆయన ప్రయోగాలకు దండం పెట్టి సాగనంపారు. ఈ సంగతి దుర్గవ్వకు సామాన్లు దిగాక తెలిసింది.

సైకాలజీ అంటే ఏందని ఆమె మొదటిరోజే అడిగింది. మనసు గురించిన శాస్త్రం అన్నారాయన. అయితే తన మనసులో ఏముందో చెప్పమంది.

"అది జోస్యం, దుర్గవ్వ గారూ. నాకు రాదు. మీరు చేసే పనులు చూసి, రాసుకుని, లెక్కవేసి అప్పుడు చెబుతాను."

పాపం, అమాయకుడనుకుంది దుర్గవ్వ. రెండు నెలల్లో ఆ అభిప్రాయం మారిపోయింది.

దుర్గవ్వ ఎడమ మోకాలు గుంజితే వాన పడుతుందని వాడకట్టంతా నమ్మేది. ఆమె మోకాలిని అడిగి వడ్లు ఎండబోసుకునేవాళ్లు కూడా ఉన్నారు. వీరరాఘవులు గారు నలభై రోజులపాటు పొద్దున్నే గడప ముందు నిలబడి, ఇవాళ గుంజిందా లేదా అని అడిగి రాసుకున్నారు. ఆఖరికి లెక్క తేల్చారు. గుంజిన రోజులు పద్దెనిమిది, వాటిలో వాన పడ్డవి ఐదు. గుంజని రోజులు ఇరవై రెండు, వాటిలో వాన పడ్డవి ఆరు. కలిసొచ్చిన రోజులే మనసు దాచుకుంటుందని, తప్పిన రోజులను జారవిడుస్తుందని, ఇందులో మోకాలి తప్పేమీ లేదని ఆయన ఎంతో మర్యాదగా వివరించారు.

"నా మోకాలు నాది సార్," అంది దుర్గవ్వ. "నువ్వు కిరాయికి తీసుకున్నది గది."

ఆ తర్వాత కుక్క వంతు వచ్చింది. వీధికుక్కకు రొట్టె వేసేముందు ఆయన సైకిల్ గంట కొట్టేవారు. నెల తిరిగేసరికి రొట్టె లేకపోయినా గంట వినబడితే చాలు, కుక్కకు నోరూరేది. శాస్త్రం గెలిచిందని సారు మురిసిపోతున్న సమయానికి పోస్ట్‌మన్ బాలమల్లు గంట కొట్టుకుంటూ సైకిల్ మీద వచ్చాడు. కుక్క చొంగ కార్చుకుంటూ తొండుపల్లి దాకా అతని వెంటపడింది. బాలమల్లు గంట విప్పి సంచిలో వేసుకుని, ఆ సారు ఆ వీధిలో ఉన్నన్నాళ్లూ ఉత్తరాలు పంచనని దుర్గవ్వతో చెప్పిపోయాడు. తప్పనిసరై సారు ఇంకో నెలరోజులు రొట్టె వేయకుండా ఉత్త గంట కొట్టి కొట్టి, నేర్పిన అలవాటును తానే మాన్పించారు. ఆ నెలంతా గంట మోత భరించింది మాత్రం దుర్గవ్వ.

ఆ ఏడు దసరా ముందు దుర్గవ్వ భర్త కుర్మయ్య తాడిచెట్టు మీదినుంచి పడ్డాడు. పదిహేనో ఏటినుంచి చెట్లెక్కి కల్లు గీస్తున్న మనిషి. నడుముకూ చెట్టుకూ చుట్టుకునే మోకు జారి కాలు విరిగింది. మూడు నెలలకు ఎముక అతికింది, ఇక చెట్టెక్కవచ్చునని దవాఖానలో చెప్పారు. కుర్మయ్య మాత్రం ఎక్కలేదు. పొద్దున్నే మోకు భుజాన వేసుకుని తొండుపల్లి పక్కనున్న తాటివనానికి పోయేవాడు, కాలు గుంజుతోందని తిరిగొచ్చేవాడు. నీళ్ల చెంబు అందిస్తుంటే అతని అరచేతులు చెమటతో తడిసి ఉండడం దుర్గవ్వ చూసింది. గాలి సోకిందని నలుగురూ అంటే తాయెత్తు కట్టించింది. మాఘమాసం దాటితే అతని చెట్లు ఇంకొకరికి ఇవ్వక తప్పదని గీతసంఘం వాళ్లు కబురు చేశారు. ఆ రోజునుంచి కుర్మయ్య చెట్లవైపు వీపు తిప్పి కూర్చోవడం మొదలుపెట్టాడు.

సారు ఇదంతా విన్నారు. ఓదార్పు మాట ఒక్కటైనా అనలేదు. ఎంత ఎత్తుకు పోతే చెమట మొదలవుతుంది, మోకు పట్టుకుంటే వస్తుందా, చెట్టును చూస్తేనే వస్తుందా అని దుర్గవ్వను అడిగి రాసుకోబోయారు. ఆమెకు ఒళ్లు మండింది.

"మనిషి లోపల నలుగుతుంటే నీ రాతలేంది సార్? జర మనిషి లెక్క మాట్లాడు."

ఆయన పుస్తకం మూసి గదిలోకి వెళ్లిపోయారు.

మర్నాడు తెల్లవారగానే పంచె ఎగగట్టి కుర్మయ్య ముందు ప్రత్యక్షమయ్యారు.

"కుర్మయ్య గారూ, కొత్త ప్రయోగం ఒకటి మొదలుపెట్టాను. నలభై నాలుగేళ్లవాడికి తాడిచెట్టెక్కడం నేర్పవచ్చునా, లేదా? నేర్చుకునేవాణ్ణి నేనే. నేర్పేవాళ్లు కావాలి."

కుర్మయ్య ఆ కళ్లద్దాలను, ఆ బొజ్జను, ఆ సన్నటి కాళ్లను వరసగా చూశాడు. మూడు నెలల తర్వాత మొదటిసారి నవ్వాడు.

"నీకెందుకు సార్ గీ పరేషాన్?"

"శాస్త్రం కోసం."

ప్రయోగానికి నియమాలు కూడా తయారయ్యాయి. పక్కపక్కన ఉన్న రెండు చెట్ల మీద జానెడుకొకటి సున్నపు గీతలు. శిష్యుడు ఏ గీత దగ్గరుంటే గురువు పక్కచెట్టు మీద అదే గీత దగ్గరుండాలి. విసుగు పుట్టేదాకా అక్కడే ఉండాలి, విసుగు పుడితే తప్ప పై గీతకు పోకూడదు.

మొదటి మూడు రోజులు ఇద్దరూ మోకులు తగిలించుకుని నేల మీదే నిలబడ్డారు. నాలుగోరోజు మొదటి గీత. సద్దిగిన్నె తెచ్చిన దుర్గవ్వ దూరంగా కూర్చుని చూసింది. జానెడు ఎత్తులో సారు చెట్టును కావలించుకుని వణుకుతుంటే పైన ఎండుమట్టలు గలగలలాడుతున్నాయి. పక్కచెట్టు మీద కుర్మయ్యకూ చెమట పడుతోంది, కానీ తుడుచుకునే తీరిక లేదు. కిందికి చూడొద్దని, మోకును నమ్మి వెనక్కి వాలమని, ఊపిరి బిగబట్టొద్దని శిష్యుడికి చెబుతూనే ఉన్నాడు. చెబుతూ చెబుతూ తానూ వెనక్కి వాలాడు.

మూడో గీత దగ్గర సారు మొరాయించారు.

"విసుగొచ్చిందా సార్?"

"ఇంకా రాలేదు. మీకు?"

"నాకెప్పుడో వచ్చింది."

"అయితే మీరొక గీత పైకి వెళ్లండి. నియమం సవరిస్తున్నాను."

అలా మూడు వారాలు గడిచాయి. కూలికి పోయేవాళ్లు ఆగి చూసి, నవ్వి పోయేవారు. సారు ఏడో గీత దాటలేదు. కుర్మయ్యకు రోజూ విసుగొచ్చేది. రోజూ నియమం సవరించేవారు.

ఒక పొద్దున సారు పాదం జారింది. కళ్లద్దాలు కిందపడ్డాయి. మోకు ఆపింది గానీ ఆయన చెట్టుకు అతుక్కుపోయి కళ్లు మూసుకున్నారు.

"కుర్మయ్య గారూ," అన్నారు మెల్లగా. "నాకు దిగడం చేతకావడం లేదు."

కుర్మయ్య అంతెత్తునుంచి సరసరా దిగొచ్చి, సారు పాదం పట్టి, ఒక్కొక్క గీతా కిందికి దింపి నేలమీద కూర్చోబెట్టాడు. తర్వాత, ఏదో పని మధ్యలో వదిలొచ్చినవాడిలా, తన చెట్టు కొసనున్న మొవ్వు దాకా ఎక్కి గెలలు చూసుకుని వచ్చాడు. గీతలు ఎక్కడ అయిపోయాయో అతను చూసుకోలేదు. దుర్గవ్వ చూసింది. సద్దిగిన్నె మూత తీసింది. మర్నాటినుంచి కుర్మయ్య చెట్లకు మళ్లీ కల్లు పట్టే లొట్లు కట్టాడు.

సారు పెద్ద నటుడని దుర్గవ్వ తేల్చుకుంది. సున్నపు గీతలు ఎవరికోసం గీశారో ఆమెకు అర్థమైంది. ఆ వణుకంతా నాటకమనుకుంది. సెలవు పెట్టి నాగమణి గారు వచ్చినప్పుడు ఆ నాటకం గురించి నవ్వుతూ చెప్పింది. నాగమణి గారి చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

"ఆయన చెట్టెక్కారా? మా పెళ్లిలో డాబా మీద ఫోటో తీస్తామంటే మెట్ల మీదే కూర్చుండిపోయారండీ. ఇంట్లో బల్బు మార్చాలంటే స్టూలెక్కేది నేను. ఆయన స్టూలు పట్టుకుంటారు. అదీ కళ్లు మూసుకుని."

సాయంత్రం సారు వచ్చాక, ఎందుకెక్కినవని దుర్గవ్వ నేరుగా అడిగింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ప్రయోగం విఫలమైందని, నలభై నాలుగేళ్లవాడికి తాడిచెట్టెక్కడం రాదని తేలిపోయిందని, ఇక ఆ సంగతి వదిలేయమని చెప్పి గదిలోకి తప్పుకున్నారు.

వదిలేయనివాడు కుర్మయ్య. అతనికి ఇవేవీ తెలియవు. తన చేతికింద ఎందరో చెట్టెక్కడం నేర్చుకున్నారు, ఈ ఒక్క సారుకే భయం పోలేదని అతనికి దిగులు పట్టుకుంది. ఆదివారం పొద్దున్నే రెండు మోకులు భుజాన వేసుకుని గది తలుపు కొట్టాడు.

"నడువు సార్. భయం ఎట్ల పోదో నేను చూస్త. నీకు విసుగు పుట్టినా నేను ఇడిసిపెట్ట."

సారు దుర్గవ్వవైపు చూశారు. అసలు సంగతి ఒక్క మాట చెప్పి ఆయన్ను గట్టెక్కించగలిగేది ఆమె ఒక్కతే. ఆమె మొగుడి ముఖం చూసింది. గురువుగారి ముఖం వెలిగిపోతోంది. సారు కళ్లద్దాలకు వెనకనుంచి గట్టి దారం ఒకటి కట్టింది.

"పోయిరా సార్," అంది.