గిరిజాకుమారి గారి లింకన్

గిరిజాకుమారి గారిది తెనాలి. ఈ సంగతి ఆవిడను కలిసిన ఐదు నిమిషాల్లో మీకు తెలిసిపోతుంది, ఎందుకంటే ఆవిడే చెబుతారు. తెనాలి వాళ్ళ ఒంట్లో నాటకం ప్రవహిస్తుందని, మిగతా ఊళ్ళవాళ్ళ ఒంట్లో ఉత్త రక్తమేనని ఆవిడ సిద్ధాంతం. మాది వరంగల్. నా సంగతి ఆవిడ మొదటిరోజే తేల్చేశారు.

ఆవిడ ఐర్లండ్ వచ్చి పద్నాలుగేళ్ళు. డబ్లిన్ శివార్లలో, సిటీవెస్ట్‌లో మా పక్క బ్లాకులోనే ఉంటారు. భర్త రామలింగేశ్వరరావు గారు ఆఫీసులో పెద్ద మేనేజరు, ఇంట్లో ప్రేక్షకుడు. ఆవిడ పగలు చంటిపిల్లల క్రెష్‌లో పని చేస్తారు, శని ఆదివారాలు తెలుగు సంఘం పిల్లలకు నాటకాలు నేర్పుతారు. పైసా తీసుకోరు. ఒక్క విషయంలో మాత్రం ఆవిడను నేను ఎగతాళి చేయను. కోవిడ్ మొదట్లో నేను జ్వరంతో గదిలో పడి ఉంటే రోజూ మా గుమ్మం ముందు చారు, కూర, పెరుగన్నం క్యారేజీలో పెట్టి, బెల్లు కొట్టి, ఆ వయసులో మెట్లమీద పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయేవారు. ఆ చారు రుచి నాకు తెలియలేదు కానీ, అది లేకపోతే నేను లేచేదాన్ని కాదు.

ఇక ఆవిడ కళ గురించి. ఆవిడ అసలు ప్రతిభ నటనలో లేదు, అందించడంలో ఉంది. తెర పక్కన నిలబడి, మాట మరిచిపోయినవాడికి మాట అందించాలి, జనానికి వినపడకూడదు. చిన్నప్పటి నుంచీ అదే పని. బళ్ళో కృష్ణుడి నాటకం ఎప్పుడు వేసినా రుక్మిణి పద్యాలన్నీ ఈవిడకే కంఠతా వచ్చేవి, ఇచ్చేది మాత్రం చెలికత్తె వేషం.

"మరి రుక్మిణి మీకెందుకియ్యలే ఆంటీ?" అని ఒకసారి అడిగాను.

"భలేదానివే! నా రంగుకి రుక్మిణి ఎవరిస్తారే? జనం నవ్వరూ!" అని ఆవిడే పకపకా నవ్వారు.

ఆవిడ రంగు, మా అమ్మాయి చరిత రంగు ఒకటే. పక్కపక్కన చేతులు పెడితే ఎవరిది ఏదో చెప్పలేరు.

ఇంత తెలిసిన మనిషి డైరెక్టరయ్యాక ఏం చేశారు? కోవిడ్‌కు ముందు సంవత్సరం కృష్ణాష్టమికి బాలకృష్ణుడి వేషం కట్టించారు. కృష్ణుడు నల్లనివాడని పసిపిల్లలకు కూడా తెలుసు. ఆవిడ ఏం చేశారంటే, సంఘంలో అందరికంటే తెల్లగా ఉన్న పిల్లవాణ్ణి ఎంచి, వాడికి నిలువెల్లా నీలం రంగు పూశారు. వాడి పేరు రేవంత్. డ్రోహెడా ఆసుపత్రిలో డాక్టరుగా చేసే ఊర్మిళ గారి అబ్బాయి. రంగు పూయకుండానే సగం వేషం సిద్ధంగా ఉన్న మా చరితను వెనక వరుసలో గోపికల మధ్య, ఒక స్తంభం పక్కన నిలబెట్టారు. నల్లదేవుడి వేషానికి కూడా నలుపు పనికిరాదని ఆ రోజు నేర్చుకున్నాను.

సరే, తర్వాతి ఏడాది కోవిడ్ వచ్చింది, బళ్ళు మూసేశారు, క్రెష్ మూసేశారు, ఆవిడ ఇంట్లో పడ్డారు. మే నెలాఖరులో ఒకనాడు సరుకులకని టాలా వెళ్ళి లూవాస్ ట్రామ్‌లో తిరిగి వస్తుంటే కొంతమంది కుర్రవెధవలు ఎక్కారట. ఆవిడ చేతిని చూపించి, రంగుకు పేరు పెట్టి పిలిచి, నీ వైరస్ తీసుకుని నీ దేశం పో అని అరిచి, తింటున్న చిప్స్ ఆవిడ మీద విసిరారట. చెబుతూ ఏడ్చేశారు, మా మెట్ల దగ్గర రెండు మీటర్ల దూరంలో నిలబడి.

"అంతంత దూరం కూర్చున్నా ట్రామ్ నిండా మనుషులే సుధేష్ణా. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నోరు విప్పలేదు!"

దగ్గరికెళ్ళి పట్టుకుందామంటే రూల్సు. పక్కనే నిలబడి చరిత అంతా వింది. దానికి తొమ్మిదేళ్ళు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాసలో ఇంగ్లీషులో వస్తుంది. ఆ తర్వాత గిరిజాకుమారి గారు ఈ కథను ఫోన్లో, వాట్సాప్‌లో, బాల్కనీ మీద నుంచి ఊరందరికీ చెప్పారు. ప్రతిసారీ ముగింపు అదే మాట, అదే తెనాలి దీర్ఘం.

అదే వారం అమెరికాలో ఒక నల్లమనిషి మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపాడని ప్రపంచమంతా వీధుల్లోకి వచ్చింది. డబ్లిన్‌లోనూ ఊరేగింపులు జరిగాయి. గిరిజాకుమారి గారికి ఆవేశం పొంగింది. "జూమ్‌లో నాటకం వేస్తున్నాం. వర్ణవివక్షను కడిగేస్తాం. ప్రెసిడెంటు లింకన్!" అని ప్రకటించి, రాత్రికి రాత్రి తెలుగులో రాసి గ్రూపులో పెట్టేశారు. ఒక ప్రెసిడెంటు, ఒక సంతకం, బానిసత్వం సమాప్తం, చివర మంగళహారతి.

చరిత బళ్ళో లింకన్ మీదే ప్రాజెక్టు చేసింది. గ్రూపులో నాటకం చూడగానే దాని మొహం చాటంత అయింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని లింకన్ మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. స్నానం చేస్తూ లింకన్, అన్నం తింటూ లింకన్. "సోదర సోదరీమణులారా! మనిషిని మనిషి అమ్ముకునే ఈ దేశంలో నేను నిద్రపోలేను" అని ఐరిష్ రకారాలతో మా హాల్లో గర్జించేది. తెలుగులో నీళ్ళు కూడా అడగని పిల్ల! నల్ల చార్టు చుట్టి పొడుగు టోపీ కూడా చేసుకుంది. ఆ పిల్లకు ఆ వేషం కావాలి. నాకు అంతకంటే ఎక్కువ కావాలి.

వేషాల జాబితా వచ్చింది. లింకన్, రేవంత్. బానిసలు, చరిత, మృదుల, ఇంకో ఇద్దరు. ఆ నలుగురినీ ఏ పద్ధతిలో ఏరారో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. నాకు ఒళ్ళు మండి ఫోన్ కొట్టాను.

"ఆంటీ, మా చరితకు డైలాగులన్నీ నోటికొచ్చినయ్. రేవంత్‌కు తెలుగు చదువుడే రాదు గదా!"

"నేనున్నాగా, మాటలు అందిస్తాను. రంగు అందించలేను కదమ్మా!"

"గిదేంది ఆంటీ? రంగు మీద నాటకమేసుకుంట రంగు జూసి వేషాలిస్తరా?"

"నాకా చెబుతున్నావు వివక్ష గురించి? ట్రామ్‌లో నన్నేమన్నారో తెలీదూ? ఇది వాస్తవికత తల్లీ. లింకన్ తెల్లాయన, బానిసలు నల్లవాళ్ళు. చరితకైతే మేకప్ కూడా అక్కర్లేదు, హాయి."

"మరి కృష్ణుడప్పుడు ఏడబోయింది గీ వాస్తవికత?"

"దేవుడి సంగతి వేరు," అని ఫోన్ పెట్టేశారు.

వద్దులే బిడ్డా, మానేద్దాం అన్నాను చరితతో. మానదట. "ఐ సెడ్ ఐ'డ్ డూ ఇట్," అంది. టోపీ తీసి వంటింటి ప్రెస్ మీద పెట్టాను. ఇక్కడ అల్మారాను ప్రెస్ అంటారు, ఆ మాట కూడా నాకు అదే నేర్పింది.

రిహార్సల్ మొదలైంది. చరిత చెయ్యెత్తింది. లింకన్ తన గురించి తానే చామనచాయ అని రాసుకున్నాడని, బళ్ళో చదివానని ఇంగ్లీషులో చెప్పింది. గిరిజాకుమారి గారు క్షణం కూడా తడుముకోలేదు.

"వాళ్ళ నలుపు వేరు తల్లీ, మన నలుపు వేరు. వాళ్ళ నలుపు మన తెలుపు కంటే తెలుపు."

పాపం రేవంత్ మంచి పిల్లాడు. "షీ నోస్ ఇట్ బెటర్ దాన్ మీ, ఆంటీ," అన్నాడు. "నువ్వు చక్కగా కూర్చో నాన్నా, చాలు," అన్నారావిడ.

తర్వాత విముక్తి ఘట్టం. లింకన్ సంతకం పెట్టగానే బానిసలు ఆయనకు పాదాభివందనం చెయ్యాలి, ఆయన దీర్ఘాయుష్మాన్ భవ అని దీవించాలి. ఎవరింట్లో వాళ్ళుండి జూమ్‌లో కాళ్ళకు దణ్ణం! పిల్లలు ఒక్కసారి వంగితే తెర మీద నాలుగు పాపిడులు, పైన రేవంత్ చెయ్యి. చరిత మళ్ళీ చెయ్యెత్తింది. యుద్ధం చివర్లో నల్లవాళ్ళు మోకరిల్లితే, నాకు కాదు, దేవుడికి మోకరిల్లండి అన్నాడట లింకన్. అసలు ఆయన సంతకం ఒక్కటే కాదు, వాళ్ళే పారిపోయి వచ్చి సైన్యంలో చేరి పోరాడారట.

"పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కడం మన సంస్కృతి తల్లీ."

"బట్ దే'ర్ అమెరికన్, ఆంటీ. అండ్ ఇఫ్ హి సార్టెడ్ ఇట్, వై ఈజ్ ఎవ్రీవన్ స్టిల్ మార్చింగ్?"

"ముందు నాటకం కానియ్యి," అన్నారు ఆవిడ.

ఆ రాత్రి పడుకోబోతూ అడిగింది. "అమ్మా, ఆంటీ వాజ్ క్రయింగ్ దట్ డే. షీ నోస్ వాట్ ఇట్స్ లైక్. సో వై?" నేను దుప్పటి సర్దాను. కాళ్ళకు దణ్ణం పెట్టాలా అని అడిగితే మాత్రం, నీ ఇష్టం బిడ్డా అన్నాను.

ఆదివారం వచ్చింది. డెబ్బై ఎనభై ఇళ్ళు జూమ్‌లోకి వచ్చాయి. గిరిజాకుమారి గారు పట్టుచీర కట్టి, స్వాగతోపన్యాసం దంచి, రేవంత్‌కు మాటలు, మిగతావాళ్ళకు సూచనలు అందించడానికి అందరినీ ఫోన్లో కలిపారు. కంప్యూటర్ మైకు కట్టెయ్యడం మరిచిపోయారు. దాంతో లింకన్ ప్రతి మాటా రెండుసార్లు మాట్లాడాడు. ముందు తెనాలిలో, తర్వాత డ్రోహెడాలో. పెద్దావిడ కదా, మైకు తెరిచి ఉందండీ అని ఎవరూ అనలేదు. మా ఆయన మహీధర్ నోరు మూసుకుని నవ్వుతుంటే నేను మోచేత్తో పొడిచాను.

విముక్తి ఘట్టం వచ్చింది. లింకన్ సంతకం పెట్టాడు. ముగ్గురు బానిసలు వంగారు. మూడు పాపిడులు కనబడ్డాయి. నాలుగో డబ్బాలో చరిత నిటారుగా కూర్చుని కెమెరాకేసి చూస్తోంది.

"వంగు," అని వినబడింది. "చరితా, వంగమ్మా." ఇంకొంచెం గట్టిగా, "ఏయ్ నల్లపిల్లా! వంగవే! లింకన్ కాళ్ళకు దణ్ణం పెట్టు!"

ఎనభై ఇళ్ళూ విన్నాయి.

ఒకాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఒకావిడ ఫోన్ చూసుకుంది. ఎవరో వీడియో ఆపేశారు. వంగిన ముగ్గురూ అలాగే వంగి ఉన్నారు, లేవమని ఎవరూ చెప్పలేదు. నాకు రక్తం తలకెక్కి ఆ తెర ముందుకు లేచాను. చరిత నా మణికట్టు పట్టుకుని ఆపింది. తనే మాట్లాడింది. తెలుగులో మాట్లాడింది. అక్షరం పొల్లుపోకుండా, తెనాలి దీర్ఘంతో సహా.

"ట్రామ్ నిండా మనుషులే. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నోరు విప్పలేదు."

గిరిజాకుమారి గారి మొహంలో నెత్తురు లేదు. నోరు తెరిచారు, మాట రాలేదు. జన్మంతా అందరికీ మాటలు అందించిన మనిషి, తనకు ఎవరైనా అందిస్తారేమోనని పక్కకు చూశారు. పక్కన రామలింగేశ్వరరావు గారు తలదించుకుని ఉన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. పట్టుచీర కొంగుతో, అందరూ చూస్తుండగానే.

"రేవంత్, నువ్వాగు నాన్నా," అన్నారు చివరికి. "చరితా... లింకన్ మాటలు నీకొచ్చుగా. నువ్వు చెప్పు తల్లీ."

నేను ప్రెస్ మీదున్న టోపీ కోసం చెయ్యి చాచాను. నిజం చెప్పొద్దూ, నా గుండె ఎగిరింది. చరిత నా చేతికేసి, టోపీకేసి, తెరకేసి చూసింది.

"నో థాంక్స్, ఆంటీ. అయామ్ గ్రాండ్."

ఈ దేశంలో టీ వద్దనడానికీ ఇదే మాట, కాలు విరిగినవాడు నాకేం కాలేదనడానికీ ఇదే మాట. మర్యాదగా నవ్వి, మీటింగ్‌లోంచి బయటికి వచ్చేసి, ఆకలేస్తోందంది. మంగళహారతి పాడకుండానే నాటకం అయిపోయింది.

మర్నాడు పొద్దున మా బెల్లు మోగింది. గుమ్మం ముందు క్యారేజీ ఉంది. ఈసారి ఆవిడ పరుగెత్తలేదు, రెండు మీటర్ల అవతల నిలబడి ఉన్నారు. చరిత బయటికి వెళ్ళింది. ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, అది చెప్పలేదు. క్యారేజీలో మాత్రం దానికిష్టమైన పులిహోర ఉంది.

ఆ తర్వాత ఆవిడ వేషాలను చీటీలు తీసి ఇవ్వడం మొదలుపెట్టారు. నిరుడు కృష్ణుడు ఏ రంగూ పూసుకోకుండానే వచ్చాడు. జనం నవ్వలేదు. నవ్వినా ఆవిడ పట్టించుకునేవారు కాదేమో. చరిత మాత్రం ఆవిడ నాటకాల్లో మళ్ళీ వెయ్యలేదు. పిలుస్తారు, అయామ్ గ్రాండ్ అంటుంది.

ట్రామ్ కథ ఆవిడ ఇప్పటికీ చెబుతారు. ఎక్కిన కుర్రాళ్ళు, అన్న మాటలు, విసిరిన చిప్స్, అన్నీ చెబుతారు. ట్రామ్ నిండా మనుషులే, అనేదాకా వచ్చి ఆగిపోతారు. చరిత ఆ గదిలో ఉన్నా లేకపోయినా అక్కడే ఆగిపోతారు. మిగిలిన సగం మాకందరికీ నోటికొచ్చు. ఎవరూ అందించరు.